గడ్డి చామంతి మనదేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చామంతిని పోలిన అడవి పూల గురించినవే. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన వాటిలో కొన్నింటిని ఎంచుకొని, ప్రశ్నలను కుదించి, జవాబులతో ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు "మన ప్రాంతపు అడవి డైసీలు" అనే అంశం మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నారు. బడి ప్రహరీ పక్కనా, సాగర్ కాలువ గట్టు మీదా గడ్డి చామంతి విపరీతంగా ఉంది. దానినే మన స్వదేశీ డైసీగా రాయించవచ్చునా? (ఒక ఉపాధ్యాయురాలు, మిర్యాలగూడ)

జవాబు: రాయించకండి. గడ్డి చామంతి, అంటే ట్రైడాక్స్ ప్రొకంబెన్స్, మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చిన మొక్క. వచ్చి చాలా కాలమైంది కాబట్టి మనకు ఇంటి మనిషిలాగే కనిపిస్తుంది. దీని ఆకులు నలిపి పలక తుడిచిన తరం పలకాకు అని పేరు పెట్టింది. పూల కాడలను ఒకదానికొకటి తగిలించి తలలు తెంపుకునే ఆటలో రావణాసురుడి తల అన్న పేరు పుట్టింది. చెల్కలో కొడవలితో చెయ్యి తెగితే ఈ ఆకు పసరు పిండడం ఇప్పటికీ చాలామందికి అలవాటే. ఇన్ని పేర్లు, ఇంత వాడుక ఉన్నా అది స్వదేశీ మొక్క కాలేదు. వాడుక పేరు ఉన్నదంటే ఆ మొక్క ఇక్కడే పుట్టిందని లెక్క కాదు. మిరపకాయకు కూడా మన భాషలో చక్కని పేరే ఉంది కదా.

అసలు డైసీ అని పిలిచేది ఐరోపా పచ్చిక బయళ్లలో పెరిగే బెల్లిస్ పెరెన్నిస్ అనే మొక్కను. మన ఎర్ర చెల్కల్లో, ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలల్లో అది అడవి మొక్కగా కనిపించదు. కాబట్టి "మన డైసీ" అంటే ఆ కుటుంబంలో మన నేలకు చెందిన మొక్క అని అర్థం చెప్పుకోవాలి. ఆ కుటుంబం చాలా పెద్దది. 32 వేలకు పైగా జాతులు అందులో ఉన్నాయి. ఆ చుట్టరికం ఎలా తెలుస్తుందో పిల్లలకు చూపించడానికి మాత్రం మీ ప్రహరీ పక్కనున్న గడ్డి చామంతిని మించినది లేదు. ఒక పువ్వును తెంపి, నిలువునా గోటితో చీల్చమనండి. బయట పాలమీగడ రంగులో నాలుగైదు రేకులు, ఒక్కొక్క రేకు కొసన మూడు పళ్లు కనిపిస్తాయి. అవి రేకులు కావు. ఒక్కొక్కటీ ఒక పూర్తి పువ్వు. లోపల పసుపు ముద్దలా ఉన్నదాన్ని సూదితో విడదీస్తే, సన్నటి గొట్టాల వంటి పూలు పదుల కొద్దీ బయటపడతాయి. మనం ఒక పువ్వు అనుకున్నది నిజానికి ఒక పూల గంప. ఈ గంప అమరికే డైసీ కుటుంబపు గుర్తు, చుట్టూ కనిపించే రేకులు కావు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే మన స్వదేశీ జాతుల్లో చాలా వాటికి ఆ చుట్టు రేకులే ఉండవు.

ఆ మాటకు రుజువు అదే ప్రహరీ పక్కన దొరుకుతుంది. గడ్డి చామంతుల నడుమ సన్నని కాడతో, మోకాలెత్తున, పైన చిన్న చిన్న ఊదా కుచ్చులతో ఒక మొక్క నిలబడి ఉంటుంది. అది సహదేవి, కొన్నిచోట్ల గరిటికమ్మ అని కూడా అంటారు. ఒక్కొక్క కుచ్చులో ఇరవై దాకా గొట్టపు పూలుంటాయి; రేకు ఒక్కటీ ఉండదు. ఆసియా, ఆఫ్రికా ఉష్ణమండలాలకు చెందిన ఈ మొక్క మన దేశానికి స్వదేశీయే. గోడ వార, బావి గట్టు, చేను గెట్టు, ఇంటి ముందరి పగుళ్లు, ఎక్కడ కాస్త నీడా కాస్త తడీ దొరికితే అక్కడ పెరుగుతుంది. ప్రాజెక్టు మొదటి పేజీలో దీనిని పెట్టించి, గడ్డి చామంతిని దాని పక్కనే "అతిథి" అని రాయించండి. అదే కుటుంబపు గుంటగలగర జోలికి మాత్రం ఈసారికి వెళ్లకపోవడం మేలు; భృంగరాజ అన్న పేరుతో అది మన వైద్యంలో ఎంత పాతదైనా, ఆ మొక్క పుట్టిల్లు ఏదన్న విషయంలో వృక్షశాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు, పిల్లల చేత తీర్పు చెప్పించడం దేనికి?

ప్రశ్న: మాది సాగర్ ఎడమ కాలువ కింది పొలం. వానకాలం వరి కోసిన తరువాత, నీళ్లు అందక యాసంగి నాటు వేయని మడుల్లో కొయ్యకాళ్ల మధ్య గులాబీ రంగు గుండ్రటి పూల మొక్క గుబురుగా వస్తుంది. మేకలు వాసన చూసి పక్కకు పోతాయి. నాటు వేసిన మడుల్లో ఒక్కటీ ఉండదు. ఇది ఏమి మొక్క, పొలానికి కీడు చేస్తుందా? (ఒక రైతు, హాలియా)

జవాబు: మీరు రాసిన వర్ణనను బట్టి అది బోడసరం. బోడతరం అని కూడా అంటారు. శాస్త్రనామం స్ఫేరాంథస్ ఇండికస్. మీ ఉత్తరంలో "నాటు వేసిన మడుల్లో ఒక్కటీ ఉండదు" అన్న ఒక్క వాక్యం ఈ మొక్క నివాసం గురించి పుస్తకాల్లోని పేరా కంటే ఎక్కువ చెబుతున్నది.

బోడసరానికి నీళ్లు నిలిచిన నేలా పనికిరాదు, ఎండి నెర్రెలిచ్చిన నేలా పనికిరాదు. నీరు తీసిన తరువాత, లోపల తడి ఇంకా మిగిలి ఉండగా, పైన ఎండ ధారాళంగా పడే ఆ రెండు మూడు నెలల సందే దాని బతుకు. కోతల తరువాత మీ మడి సరిగ్గా అలాగే ఉంటుంది. మొలక లేచి, చలికాలమంతా పరుచుకొని, పూసి, ఎండలు ముదిరేసరికి విత్తనం రాల్చి పోతుంది. మళ్లీ దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడిలో దానికి ఆ వ్యవధి దొరకదు. కాలువలు రాకముందు ఇటువంటి సందు చెరువుల అంచుల్లోనూ, వాగుల పక్కనున్న పల్లపు నేలల్లోనూ ఉండేది. ఇప్పటికీ అక్కడ కనిపిస్తుంది. వరి మడి దానికి తరువాత దొరికిన రెండో ఇల్లు అని నా అభిప్రాయం.

ఈసారి ఒక మొక్కను పీకి చేతిలోకి తీసుకోండి. కాండానికి రెండు వైపులా రంపపు పళ్ల వంటి సన్నటి ఆకు రెక్కలు పొడుగునా అంటుకొని ఉంటాయి. ఆకును ముట్టుకుంటే వేళ్లకు జిగటగా తగిలి, ఘాటైన వాసన పట్టుకుంటుంది. మీ మేకలు పక్కకు పోవడానికి కారణం అదే కావచ్చు. ఇక ఆ గుండు. అది ఒక పువ్వు కాదు, ఒక పూల గంప కూడా కాదు. అటువంటి బుల్లి గంపలు అనేకం ఒకే బంతిగా ఒత్తుకొని ఉన్నాయి. రేకులు లేని ఆ నున్నటి గుండును చూసే మనవాళ్లు "బోడ" అన్నారు. సంస్కృతంలో ముండి అన్నవాళ్లకూ అదే తోచింది. రెండు మాటలకూ అర్థం గుండు చేయించుకున్న తలే. ఆయుర్వేదంలో ముండి పేరుతో వాడేది ఈ మొక్కనే.

ఇక కీడు మాట. వరి మీద ఉండగా రాదు, వరి కోసిన తరువాతనే వస్తుంది కాబట్టి పంటతో పోటీ లేదు. ఆ మడిలో పెసరో మినుమో చల్లాలనుకుంటే మాత్రం తీయక తప్పదు. బీడుగా వదిలేసే మడి అయితే దున్నేటప్పుడు మట్టిలో కలిసిపోతుంది. దాని కోసమని విడిగా కలుపు మందు కొట్టి డబ్బు పోసుకోవలసిన పని లేదు.

ప్రశ్న: బతుకమ్మలో పేర్చే పూలలో స్వదేశీ డైసీ ఏదైనా ఉన్నదా? (ఒక గృహిణి, నల్లగొండ)

జవాబు: పెద్ద పళ్లెంలో ముందుగా పరిచే తంగేడు డైసీ కాదు, అది చింత, కానుగల కుటుంబం, గునుగు తోటకూర కుటుంబం. డైసీ కుటుంబానికి చెందినవి బంతి, చామంతి. బంతి పుట్టిల్లు మెక్సికో వైపు, చామంతిది చైనా వైపు. ఇవి తోటల్లో పెంచి తెచ్చేవి. చెల్కల్లో, కంచెల్లో తిరిగి ఏరి తెచ్చే గడ్డి పూలలో ఊరూరికీ తేడా ఉంటుంది కాబట్టి, మీ ఊళ్లో అందులో సహదేవి కుచ్చులు కలుస్తాయేమో మీరే చూసి రాయండి.

ప్రశ్న: మా ఊరి చెరువు వేసవికి ముందే సగం ఎండుతుంది. అప్పుడు శిఖంలో నేలకు అతుక్కొని పసుపు గుండీల వంటి పూలు పూసే మొక్క విరివిగా వచ్చేది. చెరువులో పూడిక తీసిన తరువాత ఒక వైపున అది పూర్తిగా కనబడడం లేదు, రెండో వైపున మామూలుగానే ఉంది. కారణం ఏమిటి? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ దగ్గరి గ్రామం)

జవాబు: మీరు చెప్పే మొక్క గ్రాంజియా మదరాస్‌పటానా అయి ఉండాలి. పేరులోనే మద్రాసు ఉన్నది. దక్షిణ దేశపు చెరువు నేలలకు బాగా అలవాటైన మొక్క. కొన్ని పుస్తకాల్లో దీనికి మాచిపత్రి అని రాస్తారు గాని, వినాయక చవితి పత్రిలో ఆ పేరుతో అమ్మే సువాసన ఆకు చాలాచోట్ల వేరే మొక్కది, రెంటినీ ఒకటిగా తీసుకోవద్దు. గ్రాంజియా ఒక నడిమి వేరు నుంచి కొమ్మలను బండి చక్రపు ఆకుల్లాగా నాలుగు వైపులకూ నేల మీద పరుస్తుంది. ఆకులు నూగుతో, అంచుల్లో లోతైన చీలికలతో ఉంటాయి. కొమ్మ చివర గోటి అంత పసుపు గుండీ. చుట్టూ రేకులు లేవు. కాలితో తొక్కినా, పశువులు నడిచినా చెక్కుచెదరనంత గట్టిగా నేలను పట్టుకొని ఉంటుంది.

చెరువు ఎండడమంటే మనకు నష్టం, ఈ మొక్కకు అది ఋతువు. నీరు రోజుకు ఇంత అని వెనక్కి జరుగుతూ, బురదను కొంచెం కొంచెంగా బయటపెడుతూ పోతుంది. ఆ తడి పట్టీ మీద గ్రాంజియా విత్తనం మొలుస్తుంది. నీటి అంచు జరిగిన కొద్దీ మొలకలు వరుసగా దాని వెంట దిగుతాయి కాబట్టి, కట్ట మీద నిలబడి చూస్తే పాత మొక్కలు పైన, పూత మొదలైనవి నడుమ, రెండాకుల పిల్లలు నీటి పక్కన మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. నేను ఫిబ్రవరిలో ఒక చిన్న కుంట దగ్గర ఈ వరుసలను అడుగులతో కొలిచాను. పూసిన గుండీ నుంచి రెండాకుల మొలక దాకా పద్దెనిమిది అడుగులు పట్టింది.

ఇప్పుడు మీ చెరువులో రెండు వైపులూ వాలును గమనించండి. మొక్క పోయిన వైపున పూడికను యంత్రంతో తవ్వినప్పుడు గట్టు నిలువుగా గోడలాగా తెగి ఉంటుందని అనుకుంటున్నాను. అటువంటి చోట నీరు ఎంత తగ్గినా తడి పట్టీ జానెడు కూడా బయటపడదు, పడినా నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. ఉన్న వైపున శిఖం పళ్లెంలా ఏటవాలుగా ఉండి ఉంటుంది. పూడిక తీయడం తప్పు కాదు, చెరువు బతకాలంటే తీయవలసిందే. ఈ మొక్క కావాలంటే కావలసింది ఒక వైపైనా నిదానమైన వాలు. పై మట్టితో పాటు విత్తనం కూడా కొంత పోతుంది గాని, రెండో వైపున మొక్క ఉన్నంతవరకు నీటితోనూ, గొర్రెల గిట్టల బురదతోనూ విత్తనం అటు చేరడానికి వీలున్నది.

అదే అంచుల్లో, ఇంకా నీరు పూర్తిగా వదలని చోట, సీసూలియా ఆక్సిల్లారిస్ అనే మరొక స్వదేశీ జాతిని వెతకండి. కొంచెం కండగల కాండం, ఆకు మొదట్లో ఒత్తుకొని తెల్లగానో లేత నీలంగానో పూసే పూలు. దానిని చూసి ఎవరూ డైసీ అనుకోరు.

ప్రశ్న: కార్తీకంలో దేవరకొండ వైపు గుట్టల్లో తిరిగినప్పుడు నిజంగా చామంతిలాగే ఉన్న పసుపు పూలు చూశాను. అలాగే అలంపురం వైపు నల్లరేగడిలో ముళ్ల బంతి వంటి మొక్క చూశాను. రెండూ ఒకే కుటుంబమా? (డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్)

జవాబు: రెండూ ఒకే కుటుంబం కావడానికి అవకాశం ఎక్కువ, ఇళ్లు మాత్రం వేరు.

గుట్ట మీది పసుపు పువ్వుకు చుట్టూ సన్నటి రేకులు అనేకం ఉండి, మొక్క మోకాలి నుంచి నడుము ఎత్తు దాకా నిలువుగా పెరిగి, పై ఆకులు కాండాన్ని చేతులతో పట్టుకున్నట్లు అంటుకొని ఉంటే, అది వికోవా ఇండికా. మన ప్రాంతపు స్వదేశీ జాతుల్లో డైసీ పోలిక స్పష్టంగా ఉన్నది ఇదేనని నేను అంటాను. వానలు వెనకబట్టిన తరువాత కంచెల్లో, బంచరాయి నేలల్లో, గుట్ట పాదాన ముళ్ల పొదల వార పూస్తుంది. పూర్తి ఎండలో బండ మీద కాదు, పొద చాటున సగం ఎండలో ఎక్కువగా చూశాను. పొదలు కొట్టి నేల చదును చేస్తే ముందుగా పోయేది ఇటువంటివే.

బండ మీద ఉండేది మరొకటి. మన గుట్టల్లో పరుపు బండల నడుమ వాన నీరు కొట్టుకొచ్చిన ఇసుక, గరప బెత్తెడు మందాన పేరుకొని ఉంటుంది. అందులో గ్లాసోకార్డియా బాస్వాల్లియా అనే జానెడు మొక్క పెరుగుతుంది. ఆకులు సోంపు ఆకులంత సన్నగా చీలి ఉంటాయి, నలిపితే ఆ వాసనే వస్తుంది. మరాఠీ వాళ్లు దీనిని రాతి సోయకూర అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, కూరగా కూడా తింటారు. పసుపు పువ్వు మరీ చిన్నది, వంగి చూస్తే తప్ప కనబడదు. దానికున్న మట్టి బెత్తెడే కాబట్టి, వానలో మొలిచి, తడి ఆరేలోగా పని ముగించుకోవాలి. మీరు కార్తీకంలో వెళ్లారు; భాద్రపదంలో వెళ్లి ఉంటే పచ్చగా చూసి ఉండేవారు. రాయి కోసం గుట్టను కొట్టేటప్పుడు అందరూ రాతినే లెక్కపెడతారు, ఈ బెత్తెడు గరప ఎవరి లెక్కలోకీ రాదు.

నల్లరేగడిలో మీరు చూసిన ముళ్ల బంతి బ్రహ్మదండి, ఎకైనాప్స్ ఎకైనాటస్. పసుపు పూల బలురక్కసిని కూడా కొందరు బ్రహ్మదండి అంటారు, అది గసగసాల కుటుంబం, అమెరికా మొక్క. తెంపితే పసుపు పాలు కారితే బలురక్కసి. ఎకైనాప్స్ బంతి తెలుపు కలిసిన నీలం రంగులో ఉంటుంది. ఇందులో ఒక వింత ఉన్నది: మిగతా వాటిలో ఒక గంపలో అనేక పూలుంటే, దీనిలో ఒక్కొక్క పువ్వుకూ విడిగా ఒక గంప. అటువంటి ఒంటి పూల గంపలు వందకు దగ్గరగా చేరి బంతి అవుతాయి, విచ్చుకోవడం బంతి నెత్తి నుంచి మొదలై కిందికి దిగుతుంది. వేరు లోతుకు పోతుంది కాబట్టి, పైన రేగడి నెర్రెలిచ్చినా లోపలి తడితో నిలబడుతుంది. ఏటా దున్నే చేనులో కాదు, నాగలి తగలని గెట్ల మీద, బాట వార చూడండి.

ప్రశ్న: నర్సరీలో గుంటగలగర అని చెప్పి పసుపు పూల పాకుడు మొక్క ఇచ్చారు. తల నూనెలో వేయవచ్చునా? (ఒక పాఠకురాలు, సూర్యాపేట)

జవాబు: గుంటగలగర పూలు తెల్లవి. పసుపు పూలుండి, ఆకులు మెరుస్తూ మూడు చీలికలుగా ఉంటే, అది రోడ్ల నడుమ అందానికి నాటే అమెరికా మొక్క, స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. ఆకులో చీలికలు లేకపోతే పచ్చ గుంటగలగర కావచ్చు, అది ఆసియాదే, తడి నేలల్లో పెరుగుతుంది. చీలికలున్నదాన్ని నూనెలో వేయకండి, నీళ్లు పారే కాలువ పక్కన కూడా నాటకండి. కణుపు కణుపుకూ వేరు వేసి గట్టంతా కమ్మేస్తుంది.

ప్రశ్న: వయ్యారిభామ కూడా డైసీయే అంటున్నారు, నిజమేనా? బడి ఆవరణలో దానిని పీకించేటప్పుడు మంచి మొక్కలు పోకుండా ఎలా చూడాలి? (ఒక ప్రధానోపాధ్యాయుడు, జడ్చర్ల)

జవాబు: నిజమే. దాని తెల్ల పువ్వును భూతద్దంలో చూస్తే చుట్టూ అయిదు బుల్లి రేకులు కనిపిస్తాయి. అమెరికా ఖండపు ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్క మొక్క వేల కొద్దీ విత్తనాలు రాలుస్తుంది, కాబట్టి పూతకు ముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా తీయాలి. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం తెప్పిస్తుంది. పిల్లల చేత పీకించవద్దు, పెద్దవాళ్లు కూడా చేతి తొడుగులు వేసుకొని తీయాలి. ఆకులను జల్లెడలా తినేసే చిన్న పెంకు పురుగులు వానల్లో కనిపిస్తే వాటిని చంపకండి. 1984లో బెంగళూరులో ఈ మొక్కను అదుపు చేయడానికే మెక్సికో నుంచి తెచ్చి వదిలిన జాతి అది.

పోల్చుకోవడానికి మొలక దశే మంచిది. వయ్యారిభామ మొదట నేల మీద గుండ్రంగా పరిచిన ఆకులతో, గాజర ఆకు వంటి లోతైన చీలికలతో ఉంటుంది. మీ ఆవరణలో దాని పక్కనే ఉండగల సహదేవి ఆకుకు చీలికలు ఉండవు, అంచున కొద్దిపాటి పళ్లు మాత్రమే ఉంటాయి. పని వాళ్లకు రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూపించి, చీలిన ఆకును పీకమని, చీలనిదాన్ని వదలమని చెప్పండి.